రోడ్డు దాటి చూడండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. జనగామ దగ్గర ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. చిన్నప్పుడు క్లాసులో అందరి సైన్స్ రికార్డుల్లో బొమ్మలు నేనే వేసిపెట్టేదాన్ని. ముగ్గులు బాగా వేస్తానని ఊళ్లో పేరు. మా నాయనమ్మ పోయిన ఏడాది చనిపోయింది. ఆమెకు సరైన ఫొటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీదిది ఒకటి, నా పెళ్లి గ్రూపు ఫొటోలో చివర నిలబడ్డది ఒకటి, అంతే. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాటికి ఆమె బొమ్మ నేనే వేయాలని, వెనకాల మా ఊరి చెరువు ఉండాలని కోరిక. నాలుగు నెలల నుంచి ప్రయత్నిస్తున్నాను. మొదట ఫోన్‌లో వేలితో వేశాను, తర్వాత పాత లాప్‌టాప్‌కి చిన్న పెన్ ట్యాబ్లెట్ (పెన్నుతో గీసే పలక) కొనుక్కున్నాను, దానిమీద గీత ఎటో పోతోంది. ముఖం మైనపు బొమ్మలా వస్తోంది, చెరువు క్యాలెండర్ బొమ్మలా వస్తోంది. ఐప్యాడ్ కొంటే బాగా వస్తుందా? ఇరవై వేల ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఉంది, చేరమంటారా? ఆధార్ ఫొటో ఏఐకి ఇస్తే నిమిషంలో చేసిస్తుంది, నీకెందుకీ టెన్షన్ అంటున్నాడు మా తమ్ముడు. ఈ వయసులో మొదలుపెట్టడం ఆలస్యమేనా? అసలు తెర మీద వేస్తే అది బొమ్మేనా అని కూడా...

— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ఉత్తరంతో పాటు మీరు పంపిన రెండు బొమ్మలూ చూశాను. మీరు అడగని సంగతి ముందు చెబుతాను. నాయనమ్మ కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా గీశారు. ముక్కుపుల్ల రాయికి మెరుపు కూడా పెట్టారు. కానీ రెండు కళ్లూ ఒక వరసలో లేవు. ఎడమ కన్ను పైకి జరిగింది. ఇది చేతకాక జరిగింది కాదు. బాగా జూమ్ చేసి, ముక్కు తెరకు ఆనించినంత దగ్గరగా కూర్చుని వేస్తే ఎవరికైనా ఇలాగే అవుతుంది. నాకూ అయింది.

ముప్పై ఏళ్ల కిందట విజయవాడ గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు వేసే షాపులో పని నేర్చుకున్నాను. మొదట్లో నా పనల్లా రంగులు కలపడం, స్టిల్ ఫొటో మీద గళ్లు కొట్టడం, అవే గళ్లు పెద్దవి చేసి బ్యానర్ గుడ్డ మీద కొట్టడం. ఒకసారి గురువుగారు ఊళ్లో లేని రోజు చూసి హీరో కన్ను నేనే వేశాను. మంచె మీద కూర్చుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, మూరెడు పొడవు కన్ను. ఇంత బాగా ఎవరూ వేసి ఉండరనుకున్నాను. సాయంత్రం ఆయన వచ్చి ఏమీ అనకుండా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, టీ కొట్టు ముందు నిలబెట్టి చూడమన్నాడు. హీరో ఒక కన్ను హీరోయిన్ మీద ఉంది, ఇంకోటి బస్టాండ్ వైపు ఉంది.

ఆ రోజు నుంచి పది నిమిషాలకోసారి రోడ్డు దాటి వచ్చి చూసుకోవడం అలవాటైంది. తర్వాత ఫ్లెక్స్ వచ్చింది, షాపు మూతపడింది, నేనొక డీటీపీ సెంటర్లో మౌస్ పట్టుకున్నాను. అక్కడ తెలిసిందేమిటంటే కంప్యూటర్లో రోడ్డు ఉండదు. కాగితం మీద వేస్తుంటే చెయ్యి నొప్పి పుట్టి అయినా వెనక్కి జరుగుతాం. తెర మీద మాత్రం ఎంత లోపలికి కావాలంటే అంత లోపలికి పోవచ్చు, పోయినకొద్దీ ఇంకా చేయాల్సింది కనిపిస్తూనే ఉంటుంది. మీ మైనపు ముఖానికీ క్యాలెండర్ చెరువుకూ కారణం ఇదొక్కటే. మిగతాదంతా దీని వెంట వచ్చేదే.

మీ ప్రశ్నల్లో డబ్బుతో తేలేవి తొందరగా తేల్చేస్తాను. ఐప్యాడ్ కొనకండి. అది మంచి వస్తువే, అందులో నడిచే ప్రోక్రియేట్ కూడా ఒక్కసారి డబ్బు కట్టి వాడుకునే మంచి సాఫ్ట్‌వేర్. అయితే మీ బొమ్మలో ఉన్న ఇబ్బంది ఆ తెర మీదికి కూడా మీతో పాటే వస్తుంది. ఫొటోషాప్‌కి నెల నెలా చందా కట్టాలి, మీకు దాని అవసరం లేదు. మీ లాప్‌టాప్‌లో క్రిటా అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పూర్తిగా ఉచితం, దొంగ కాపీ తిప్పలు ఉండవు, బొమ్మలు వేసేవాళ్ల కోసమే తయారైంది. స్వీడన్ భాషలో క్రిటా అంటే సుద్దముక్క అని అర్థం. టీచర్ గారికి సరిపోయే పేరే! ఫోన్‌లో ఐబిస్ పెయింట్ ఉంటే ఉంచుకోండి, బస్సులో చిన్న చిన్న స్కెచ్‌లకు పనికొస్తుంది.

కోర్సు సంగతికి వస్తే వాళ్లను ఒక్క మాట అడగండి: నేను వేసిన బొమ్మను మీలో ఎవరైనా చూసి, తప్పు ఎక్కడుందో గీత పెట్టి చూపిస్తారా? చూపిస్తామంటే ఆలోచించవచ్చు. వీడియోలు ఇస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం అంటే ఆ ఇరవై వేలు ఉంచుకోండి. నేర్చుకునేవాళ్లు డబ్బు పెట్టాల్సింది దిద్దుబాటుకు. చూడటానికి వీడియోలు ఊరికే దొరుకుతున్నాయి.

ఇక పెన్ ట్యాబ్లెట్. తెర లేని ట్యాబ్లెట్ మీద చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట ఉంటుంది. గీత ఎటో పోతోందని మీరు రాసింది ఇందువల్లే. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది, కానీ ముందు ఒకటి సరిచూడండి. పెద్ద సున్న ఒకటి చుట్టండి. చెయ్యి గుండ్రంగానే తిరిగినా తెర మీద కోడిగుడ్డులా పడుతోందంటే, ట్యాబ్లెట్ పొడవు వెడల్పుల నిష్పత్తికి తెర నిష్పత్తి సరిపోలేదన్నమాట. ట్యాబ్లెట్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో తెర నిష్పత్తికి సరిపెట్టే వీలు ఉంటుంది, అది పెట్టండి. ఇది చూసుకోక నెలల తరబడి తమ చేతినే తిట్టుకునేవాళ్లను చూశాను.

తర్వాత రోజూ ఒక పది నిమిషాలు ఆ పెన్నుతో అ ఆ ఇ ఈలు రాయండి. నవ్వులాటకు అనడం లేదు. తెలుగు అక్షరాల్లో నిలువు గీతలకన్నా వంపులే ఎక్కువ. ‘ఱ’, ‘ఖ’, ‘ఋ’ తెర మీద కుదురుగా పడ్డాయంటే చెంప వంపు కూడా పడుతుంది. ముగ్గు చెయ్యి మీకు ఎలాగూ ఉంది. మెలిక ముగ్గు వేసేటప్పుడు గీత మధ్యలో ఆపరు కదా, వేలు దగ్గర కాకుండా మోచేయి నుంచి, భుజం నుంచి కదులుతారు. ఇక్కడా అదే కదలిక. చుక్కలు పెట్టి కొలత కుదిరాకే గీత మొదలుపెట్టే అలవాటు ఉంది మీకు. నాయనమ్మ ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆ చుక్కలు మరిచిపోయి నేరుగా కనురెప్పతో మొదలుపెట్టారు.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. కాన్వాస్ (తెర మీద బొమ్మ వేసే కాగితం) చిన్నది తీసుకోండి, 1200 పిక్సెళ్ల ఎత్తు చాలు. ఏ4 సైజులో 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ తీయాలంటే 2480 బై 3508 పిక్సెళ్లు కావాలి, నిజమే. కానీ అది చివరి బొమ్మకు. మొదటి యాభై బొమ్మలకు అంత సైజు పెడితే పాత లాప్‌టాప్ మొరాయిస్తుంది, మీరు మళ్లీ వెంట్రుకలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. చిన్న కాన్వాస్‌లో వివరం వేద్దామన్నా చోటుండదు. అది మేలు చేసే ఇరుకు.

క్రిటాలో ఓవర్‌వ్యూ అనే చిన్న పలక ఉంటుంది, బొమ్మ మొత్తం అందులో తపాలా బిళ్లంత కనిపిస్తుంది. దాన్ని తెర మూలన ఎప్పుడూ తెరిచి ఉంచండి. అదే మీ టీ కొట్టు. కీబోర్డు మీద ఎమ్ నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిరగబడుతుంది. ఇది బ్యానర్ రోజుల్లో మాకు లేని సుఖం. చూసి చూసి కళ్లు అలవాటుపడ్డ తప్పు, తిరగేసిన క్షణంలో బయటపడుతుంది. మీ బొమ్మను ఒకసారి తిప్పి చూడండి, ఎడమ కన్ను గురించి నేను చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది.

బ్రష్‌లు వందల్లో ఉంటాయి. వాటిలో అంచు గట్టిగా ఉండే గుండ్రటి బ్రష్ ఒక్కటి తీసుకోండి. మెత్తగా రంగు చల్లే ఎయిర్‌బ్రష్, రంగులను అలికే స్మడ్జ్ రెండూ రెండు నెలల పాటు ముట్టుకోకండి. మైనం వచ్చేది వాటినుంచే. ముఖంలో వెలుగు నీడగా మారే చోట్లు అన్నీ ఒకేలా ఉండవు. ముక్కు కింద పడే నీడకు అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. చెంప గుండ్రంగా తిరిగే చోట అంచు మెల్లగా కరుగుతుంది. కణత దగ్గర జుట్టులో కలిసేచోట అసలు అంచే కనబడదు. స్మడ్జ్ ఈ మూడింటినీ ఒకే రకంగా అలికేస్తుంది. ఎముక ఎక్కడుందో, కండ ఎక్కడుందో చెప్పేవి ఆ అంచులే. అవి పోతే మిగిలేది సబ్బు ముక్క.

ముఖానికి మొదట మూడే రంగులు: ఒక ముదురు, ఒక నడిమి, ఒక లేత. కళ్లు సగం మూసి చూడండి, వివరాలు పోయి మచ్చలు మిగులుతాయి. ఆ మచ్చల ఆకారాలు మాత్రం వేయండి. కళ్లు గీయకండి, కంటి గుంటల నీడ వేయండి. పెదవులు గీయకండి, కింది పెదవి కింద పడే నీడ వేయండి. ఒక్కో బొమ్మకు ఇరవై నిమిషాలు, ఫోన్‌లో అలారం పెట్టుకుని. టైమ్ అయ్యాక ఆపేయాలి, బాగా వస్తున్నా సరే. మొదటి పది నిమిషాలు అన్‌డూ నొక్కకూడదు. అన్‌డూ చేతికి అలవాటైతే గీత పెట్టేముందు ఆలోచించడం పోతుంది. ముగ్గుపిండి చేతిలోంచి జారాక వెనక్కి రాదని తెలుసు కాబట్టే ముగ్గు అంత నిబ్బరంగా వేస్తారు మీరు.

కొలతల గురించి రెండు ముక్కలు. నడినెత్తి నుంచి గడ్డం దాకా తీసుకుంటే కళ్లు దాదాపు సరిగ్గా మధ్యలో ఉంటాయి. కొత్తవాళ్లందరూ పైకి పెడతారు, జుట్టు కింద పుర్రె ఉందన్న సంగతి మరిచిపోయి. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు ఉంటుంది. చెవి కనుబొమ మట్టం నుంచి ముక్కు అడుగు మట్టం దాకా. ఇవి మొదటి చుక్కల్లాంటివి, ఆపైన మనిషిని బట్టి జరపాలి. వయసు మీదపడ్డ ముఖంలో చాలా జరుగుతాయి. పళ్లు ఊడితే ముక్కుకీ గడ్డానికీ దూరం తగ్గుతుంది, పెదవులు లోపలికి పోతాయి. ముక్కు కొస కొంచెం కిందికి వాలుతుంది, చెవి తమ్మెలు సాగుతాయి, ఏళ్ల తరబడి బరువు కమ్మలు పెట్టుకున్నవాళ్లకు మరీను. నల్లగుడ్డు చుట్టూ బూడిద రంగు వలయం లాంటిది కనిపిస్తుంది చాలామంది ముసలివాళ్లలో. మీ బొమ్మలో నాయనమ్మకు పాతికేళ్ల అమ్మాయి పెదవులూ కళ్లూ ఉన్నాయి, వాటి చుట్టూ ముడతలు గీశారు. అందుకే ఎవరోలా ఉంది.

ముడతలను నల్ల గీతలుగా వేయకండి. ముడత అంటే చీర కుచ్చిళ్ల మడత లాంటిది. దానికి వెలుగు పడే వైపు ఒకటి, నీడ వైపు ఒకటి ఉంటాయి. ముప్పై ముడతలుంటే మూడు వేయండి, అవి సరిగ్గా పడితే మిగతా ఇరవై ఏడూ చూసేవాళ్లే ఊహించుకుంటారు. కంట్లో తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. పై రెప్ప నీడ దానిమీద పడుతుంది. ఏదైనా ఫొటోలో కలర్ పికర్‌తో తెల్లగుడ్డు రంగు తీసి పక్కన పూసి చూడండి, మట్టి కలిసిన బూడిద రంగు వస్తుంది. మెరుపు చుక్క ఒక్కటే, వెలుగు వచ్చే వైపు. మీరు ఒక్కో కంటికి మూడేసి పెట్టారు.

చర్మం రంగు దగ్గర చాలామంది మనవాళ్లు దెబ్బతింటారు. చర్మం రంగులంటూ ఊరికే దొరికే పాలెట్లలో చాలావాటిలో గులాబీ ఛాయలే ఉంటాయి. వాటితో మొదలుపెట్టి, చామనఛాయ రావాలని నలుపు కలుపుతారు. ముఖం మీద బూడిద పూసినట్టవుతుంది. చామనఛాయ, నలుపు ఛాయల్లో నీడలోకి వెళ్తున్నకొద్దీ రంగు ఇంకా చిక్కబడుతుంది, ఎరుపు వైపో ముదురు కాఫీ వైపో జరుగుతుంది. కాబట్టి కలర్ బాక్సులో గుర్తును తిన్నగా కిందికి లాగకండి, కిందికీ, రంగు చిక్కబడే పక్కకీ కలిపి జరపండి, రంగు వలయంలో కూడా ఒక అడుగు ఎరుపు వైపు. నుదురు కొంచెం పసుపుగా, ముక్కు కొసా చెవులూ కొంచెం ఎర్రగా ఉంటాయి. ఇంకో సంగతి. నల్లటి చర్మం మీద మెరుపు తెల్లటి చర్మం మీదకన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కిటికీ వెలుగులో ఆ మెరుపు కాస్త నీలంగా ఉంటుంది. నుదుటి మీద, చెంప ఎముక మీద ఆ నీలం పెట్టే ధైర్యం చేశారంటే ముఖం ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. మొదటిసారి నేను పెట్టినప్పుడు తప్పు చేశాననుకుని చెరిపేశాను, మళ్లీ పెట్టాను.

రంగుల్లో తప్పిపోయినప్పుడు ఒక చిట్కా. అన్నిటికన్నా పైన కొత్త లేయర్ (బొమ్మ మీద పరిచే విడి పొర) వేసి నలుపు నింపి, దాని మోడ్‌ని కలర్‌కి మార్చండి. బొమ్మంతా పాత నలుపు తెలుపు సినిమాలా కనిపిస్తుంది. అప్పుడు కూడా ముఖం ముఖంలా ఉంటే రంగులు కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. అంతా ఒకే బూడిదగా కలిసిపోతే ఏ రంగూ దాన్ని కాపాడదు.

అసలు చిక్కు ఫొటోది. ఆధార్ ఫొటోలో వెలుగు ముఖానికి ఎదురుగా కొట్టినట్టు పడుతుంది, నీడలే ఉండవు. నీడ లేకపోతే ముక్కు ఎంత ఎత్తో, చెంప ఎంత లోతో తెలియదు. గ్రూపు ఫొటోలో చివరన నిలబడ్డవాళ్లు లెన్సు వల్ల అడ్డంగా సాగుతారు. ఈ రెంటినీ పట్టుకుని ఎంత జూమ్ చేసినా అందులో లేనిది బయటికి రాదు. మీకు మేనత్త ఉన్నారా? లేకపోతే నాన్నగారు? నాయనమ్మ చెంప ఎముకలు, దవడ వాళ్లలో ఎవరికో ఒకరికి వచ్చి ఉంటాయి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన వాళ్లను కూర్చోబెట్టండి, వెలుగు ఒక పక్కనుంచి ఏటవాలుగా పడేటట్టు. ఫొటో తీస్తే రెండు గజాలు వెనక్కి జరిగి, జూమ్ చేసి తీయండి. దగ్గరనుంచి ఫోన్‌తో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ముక్కూ కళ్ల పోలికలు ఆధార్ ఫొటో నుంచి, వెలుగు నీడలు మేనత్త ముఖం నుంచి తీసుకోండి. ఫొటో తీసినా సరే, ఒక గంట ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని వేయండి. ఆ గంటలో ఆమె నాయనమ్మ గురించి చెప్పే కబుర్లు కూడా బొమ్మలోకి వస్తాయి. పచ్చబొట్టు ఎక్కడుండేది, కొంగు ఏ భుజం మీద ఎలా వేసుకునేది, నవ్వితే ముందు ఏ వైపు పెదవి కదిలేది.

ఫొటో మీద లేయర్ పెట్టి దించడం తప్పా అని చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, పాపమేమీ కాదు. మేం గళ్లు కొట్టి వేసేవాళ్లం. అయితే దించినప్పుడు గీత వస్తుంది, ఆ గీత అక్కడ ఎందుకు ఉందో రాదు. మొదటి వారం పదహారు గళ్లు పెట్టి వేయండి. మరో వారం నాలుగు గళ్లు. తర్వాత మధ్యలో ఒక చిన్న కూడిక గుర్తు చాలు. ఆ తర్వాత దాన్ని కూడా తీసేయండి.

చెరువు దగ్గరికి వద్దాం. మీ చెరువు బొమ్మలో నీళ్లు పసిపిల్లల క్రేయాన్ నీలం, చెట్లు చిలకపచ్చ. గట్టు అవతలి గుట్ట కూడా ఇవతలి తాటిచెట్టంత ముదురుగా ఉంది. దూరం పోయినకొద్దీ మధ్యలో గాలి పెరుగుతుంది. ఆ గాలి వెలుగును చెదరగొడుతుంది, నీలం ఎక్కువగా చెదురుతుంది. అందుకే దూరపు గుట్టలు పాలిపోయి నీలంగా కనిపిస్తాయి, వాటిలో ముదురు లేతల తేడా తగ్గిపోతుంది. కానీ మన దగ్గర దీనికి రుతువులున్నాయి. మే నెలలో దుమ్ము వల్ల దూరమంతా నీలం కాకుండా తెల్లగా, చలువ చేసిన పాత పంచెలా ఉంటుంది. వాన కురిసి వెలిసిన సాయంత్రం అదే గుట్ట దగ్గరికి నడిచొచ్చినట్టు ముదురుగా, పచ్చగా కనిపిస్తుంది. మీ బొమ్మ ఏ నెలలోదో ముందు తేల్చుకోండి. పెత్రమాసకు కాబట్టి వానలయ్యాక, చెరువు నిండుగా ఉన్నప్పుడు అనుకుందాం.

పగటి వెలుగులో ఒక మోటు లెక్క చాలాసార్లు పనిచేస్తుంది. అన్నిటికన్నా లేత ఆకాశం, తర్వాత ఆకాశానికి ఎదురుగా పరుచుకున్న నేల, ఆ తర్వాత ఏటవాలు గుట్టలు, అన్నిటికన్నా ముదురు నిలువుగా నిలబడ్డ చెట్లు. ముఖంలాగే ఇక్కడా ముందు ఆ నాలుగు మచ్చలు పెట్టండి. తపాలా బిళ్లంత సైజులో చెరువు చెరువులా ఉందా చూడండి. లేకపోతే ఆకులు వేసి లాభం లేదు. ఆకుల బ్రష్ అని ఒకటి దొరుకుతుంది, ఒక్క నొక్కు నొక్కితే వంద ఆకులు పడతాయి. మీరు వాడినట్టున్నారు. ఆ వందా ఒకే ఆకు కావడంతో చెట్టు కాస్తా గోడకు అంటించే కాగితంలా తేలింది. తాటిచెట్టు తలను ముందు ఒక ముద్దగా వేసి, ఆకాశం రంగుతో అందులో నాలుగు సందులు తెరవండి. కొసన రెండు మట్టలు విడిగా చూపిస్తే చాలు.

నీళ్లు నీలంగా ఉండవు. పైనున్నదాన్ని చూపిస్తాయి. ఆకాశం నీళ్లలో కొంచెం ముదురుగా పడుతుంది, చెట్టు నీళ్లలో కొంచెం లేతగా పడుతుంది. నీళ్లలో కనిపించే ఆ నీడ ఎప్పుడూ చెట్టు కిందినుంచి తిన్నగా మీవైపే దిగుతుంది, అల ఉంటే ఇంకా పొడవుగా సాగుతుంది. అవతలి ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, మీ కాళ్ల దగ్గర అద్దం పోయి లోపలి ఎర్రమట్టి కనిపిస్తుంది. ఈ ఒక్కటి వేశారంటే మీ చెరువు క్యాలెండర్‌లోంచి బయటికి వస్తుంది, ఎందుకంటే క్యాలెండర్ చెరువుకు అడుగు ఉండదు. ఇంకో మాట. కట్ట మీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డు పైకి వెళ్తుంది, నీళ్లు వెడల్పుగా పరుచుకుంటాయి. తూము దగ్గరికి దిగి చూస్తే అవే నీళ్లు సన్నటి పట్టీ అయిపోతాయి. మీ బొమ్మలో నాయనమ్మను ఎదురుగా కూర్చుని చూస్తున్నాం, చెరువును మాత్రం కట్ట మీదినుంచి చూస్తున్నాం. రెంటికీ కంటి మట్టం ఒకటే ఉండాలి. ఇందుకే ఆమె చెరువు మీద అతికించినట్టుంది.

ఇప్పుడు చెరువు ఎండి ఉంటే వానల కోసం ఆగకండి. ఎండిన చెరువు నేర్చుకోవడానికి ఇంకా మంచిది, మెరుపులూ నీడలూ అడ్డు రావు, నేల ఎలా పరుచుకుందో తెలుస్తుంది. లాప్‌టాప్ మోసుకెళ్లనక్కర్లేదు, చిన్న నోటు పుస్తకం, పెన్సిలు చాలు. సాయంత్రం అయిదు దాటాక వెళ్తే వెలుగు చకచకా మారిపోతుంది కాబట్టి నీడలు ఎటున్నాయో మొదటి అయిదు నిమిషాల్లో గీసి పెట్టుకుని, తర్వాత వాటిని మార్చకండి.

అసలు అచ్చు మనిషిలా రావాల్సిందేనా అని కూడా ఒకసారి ఆలోచించండి. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారి తెలంగాణ ఆడవాళ్లను చూడండి. పెద్ద బొట్టు, చిక్కటి రంగులు, గట్టి గీత. వెలుగు నీడల సాము పెద్దగా ఉండదు, అయినా మా ఊరి మనిషే అనిపిస్తుంది. ముగ్గు చేతికి ఆ దారి దగ్గరేమో. నేను చెప్పిన వెలుగు నీడలు నేర్చుకున్నాక మీకే తెలుస్తుంది ఏది ఉంచుకోవాలో. రాజమండ్రి వెళ్లే పని పడితే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఒక పూట గడపండి. 1897లో పుట్టి 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు. దగ్గరనుంచి ఒకసారి, గది అవతలి గోడకు ఆనుకుని ఒకసారి చూడండి.

34 ఏళ్లకు ఆలస్యమా అన్నారు. ఇంగ్లండ్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1937లో పుట్టినవాడు. డెబ్బై దాటాక ఫోన్ మీద వేలితో పూలూ పొద్దుపొడుపులూ వేయడం మొదలుపెట్టాడు. 2010లో ఐప్యాడ్ వచ్చాక దానిమీద యార్క్‌షైర్ చెట్లూ బాటలూ వేశాడు. తెర మీద వేస్తే అది బొమ్మేనా అని మీరు ఉత్తరం చివర అడిగీ అడగనట్టు వదిలేసిన సందేహానికి కూడా ఇదే నా జవాబు.

మీ తమ్ముడు చెప్పినట్టు ఏఐతో చేయించి చూడండి, నాకు అభ్యంతరం లేదు. నిమిషంలో చక్కటి ముసలమ్మ వస్తుంది. ఆమెను మీ మేనత్తకు చూపించి, ఈమె ఎవరో చెప్పమనండి. ఆధార్ ఫొటోలో లేని వాటిని అది ఎక్కడెక్కడి ముసలమ్మల నుంచో తెచ్చి నింపుతుంది. మీరు నింపాల్సినవి మీకూ మీ మేనత్తకూ మాత్రమే తెలుసు.

పెత్రమాసకు ఇంకా అయిదు నెలలుంది. మొదటి మూడు నెలలు నాయనమ్మ బొమ్మ జోలికి పోకండి. ఇంట్లోవాళ్లు, స్టాఫ్ రూమ్‌లో టీచర్లు, ఎండిన చెరువు, గేదెలు, ఏదైనా సరే, రోజుకొక ఇరవై నిమిషాల బొమ్మ. నాలుగో నెలలో మేనత్తను కూర్చోబెట్టండి. చివరి నెలలో పెద్ద కాన్వాస్ తెరవండి, చెరువు ఒక లేయర్‌లో, నాయనమ్మ ఒక లేయర్‌లో, వెలుగు రెంటి మీదా ఒకే వైపు నుంచి. ఫైల్‌ని రోజూ కొత్త పేరుతో సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి. కరెంటు పోయి నాలుగు రోజుల పని పోగొట్టుకున్న ఒక ముసలి ఆర్టిస్టు మాట ఇది.

ప్రింట్ తీయించే ముందు స్టూడియోలో చిన్న సైజులో ఒకటి తీయించి చూడండి. తెర లోపలినుంచి వెలుగుతుంది, కాగితానికి ఆ వెలుగు ఉండదు, అందుకే నీడలన్నీ తెర మీదకన్నా ముదురుగా దిగుతాయి. దాన్ని చూసి బొమ్మను ఒక మెట్టు లేత చేసి పెద్దది తీయించండి. మెరిసే కాగితం వద్దు, మ్యాట్ అడగండి. ఫ్రేమ్ కట్టాక అద్దం మెరుపు ఎలాగూ ఉంటుంది. గోడకు తగిలించే రోజు దండ నుదుటి మీదికి జారకుండా కొంచెం పైకి కట్టండి, ఆ కిటికీ వెలుగు పడ్డ చోటు కనిపించాలి.